ఆగడం అనే పని

సిగ్‌బ్రిట్ యూనివర్సిటీ గది గుమ్మం బయటే బూట్లు విప్పి ఉన్ని మేజోళ్ళతో లోపలికి వచ్చింది. ఇక్కడ విప్పక్కర్లేదని తోరున్ చెప్పేలోపే కుర్చీ లాక్కుని కూచుంది. నిండైన మనిషి, ఆమె కూచోగానే ఆ చిన్న గది ఇంకా చిన్నదైపోయింది. నవంబరు బురదమంచు కోటు అంచున కరిగి నేల మీద చుక్కలుగా పడుతోంది. ఆ చుక్కల్ని చూసి తనే నొచ్చుకుని జేబురుమాలు తీసి వంగి తుడిచింది. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాక గానీ తలెత్తలేదు.

"తోరున్ అంటే నువ్వేగా? మా డెయిరీలో ఆ యంత్రానికి బుర్ర పెట్టింది మీరేనట. అయితే నువ్వే చెప్పు. దానికి కళ్ళున్నాయా?"

"దేనికి?"

"మీ ప్రోగ్రాముకే తల్లీ, మా పిల్లికా! నేను వాల్వు తెరుస్తుంటే చూసిందట. తెల్లారగట్ట, నేను డ్యూటీ ఎక్కాక. గోడ మీద కూచుని చూసినట్టే చెప్పింది."

కోటు లోపలి జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచింది. ప్రింటరు కాగితం, అంచున చిల్లుల పట్టీ కూడా చింపలేదు. తోరున్ కళ్ళజోడు సర్దుకుని చదివింది. రెండో ట్యాంకు, కడిగే నీళ్ళ వాల్వు. సాయంత్రం మూసి ఉంది. తెల్లవారుజామున ఐదింటికి తెరిచి ఉంది. తెరిచిన సమయం నాలుగుకీ ఐదుకీ మధ్య.

చివరి వాక్యాన్ని ఆమె ఇంకోసారి చదివింది. ఆ వాక్యం ఎక్కణ్ణించి వచ్చిందో ఈ దేశంలో ఆమెకంటే బాగా తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన గది ఈ వరండా చివరే ఉంది.

"ఏం జరిగిందో విను," అంది సిగ్‌బ్రిట్. "సాయంత్రం రూనె ట్యాంకు కడిగాడు. వాల్వు మూశానని యంత్రంలో మీట నొక్కాడు. రాత్రి పాలు నింపారు. ఇదివరకు మధ్యలో ఒక మనిషి వచ్చి అన్నీ చూసిపోయేవాడు, వాణ్ణి పొదుపని తీసేశారు. నేను నాలుగింటికి వచ్చా. తక్కిన ట్యాంకుల పని చూసుకుని దీని దగ్గరికొచ్చి గ్లాసులో పాలు పట్టి వాసన చూశా. ట్యాంకు కడిగే సోడా వాసన గుప్పుమంది. వంగి చూస్తే వాల్వు బార్లా తెరిచి ఉంది. కడిగే మందంతా పాలల్లోకి పోయింది. తెరిచి ఉందని మీట నొక్కింది నేను. మేనేజరు హోకాన్‌కి ఫోను చేసి లేపింది నేను. ట్యాంకెడు పాలూ ఏడుస్తూ పారబోసింది నేను. చూసి చెప్పినదాన్నీ నేనే, చేసినదాన్నీ నేనేనట. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?"

"నువ్వు తెరవలేదుగా?" అనేసింది తోరున్. అనగానే నాలుక కరుచుకుంది.

సిగ్‌బ్రిట్ ఆమె వంక కాసేపు చూసింది. "నువ్వూ అదే అడుగుతున్నావా?" అని మాత్రం అంది.

తోరున్ ముఖం ఎర్రబడింది. బల్ల మీది పెన్సిలు తీసి మళ్ళీ పెట్టేసింది. "తప్పుగా అడిగాను. ఈ ప్రోగ్రాముకి తెలిసినవి రెండే సంగతులు. సాయంత్రం రూనె చెప్పింది, పొద్దున్న నువ్వు చెప్పింది. మధ్యలో ఉన్నదంతా దాని ఊహ."

"ఊహైతే ఊహ అని చెప్పొచ్చుగా! ఆ ముక్క ఒక్కటి కింద రాసుంటే నేనీ బురదలో బస్సెక్కి వచ్చేదాన్ని కాదు." ఆమె గొంతు తగ్గింది. "వచ్చే మంగళవారం తేలుస్తానన్నాడు హోకాన్. యూనివర్సిటీవాళ్ళు రాసిస్తే చూస్తాడట, లేకపోతే యంత్రం మాటే మాట. పెళ్ళి కాకముందు నుంచీ అక్కడే పనిచేస్తున్నా. నాకు ఇంకో పని రాదు. పాలు పాడుచేసిందని ముద్ర పడితే ఇంకో డెయిరీ గడప ఎక్కనివ్వదు."

"రాసిస్తాను."

"రాస్తావుగా? నాకు పొగడ్తలేం వద్దు. ఉన్నది రాయి చాలు."

"మంగళవారంలోపు నీ చేతిలో పెడతాను," అంది తోరున్. గుమ్మం దాకా వెళ్ళి ఆమె బూట్లు తొడుక్కుంటుంటే సంచీ పట్టుకుని నిలబడింది కూడా.

వరండా చివర ఇంగ్వే తన గదిలో పుస్తకాలు అట్టపెట్టెల్లోకి సర్దుతున్నాడు. శుక్రవారమే ఆయన ఉద్యోగంలో చివరి రోజు. అరలన్నీ బోసిపోయాయి గానీ బల్ల మీద సొట్టలు పడ్డ ఉక్కు ఫ్లాస్కు ఎప్పటి చోటే ఉంది. తోరున్ చెప్పిందంతా విని, చేతిలో పుస్తకం పెట్టెలో పడేసి, ఫ్లాస్కు దగ్గరికి లాక్కున్నాడు. ఆయనకి ఏది చెప్పాలన్నా ఆ ఫ్లాస్కు కావాల్సిందే.

"పొద్దున్న ఇందులో కాఫీ పోశాను. మూత బిగించాను. ఆగాను. ఇప్పుడు వంచితే ఏం వస్తుంది?"

"కాఫీ. ఇదంతా నాకెందుకు చెప్తున్నావు ఇంగ్వే?"

"నీకు తెలుసు, నాకు తెలుసు. యంత్రానికి తెలీదు. ఆగిన సేపట్లో కాఫీ దానంతటది మాయమై ఉండొచ్చుగా అని మొండికేస్తుంది. మనం ఏం చేస్తే ఏం మారుతుందో రాయడం తేలిక. ఏవేవి మారకుండా ఉంటాయో రాయాలంటే కాగితాలు చాలవు. అందుకే పెట్టాను సూత్రం. రాక తప్పనప్పుడే మార్పు వస్తుంది, వచ్చినా ఎంత ఆలస్యంగా వీలైతే అంత ఆలస్యంగా వస్తుంది. యంత్రం నోరు మూతపడింది. నా బతుకంతా పోశాను అందులో."

"సరే. అదే ఫ్లాస్కు సాయంత్రం తీసి చూస్తే ఖాళీగా ఉంది. ఎప్పుడు ఖాళీ అయింది?"

ఇంగ్వే మూత ఒక చుట్టు తిప్పి మళ్ళీ బిగించాడు.

"నేను చెప్పనా? నువ్వు మూత తీయడానికి ఒక్క క్షణం ముందు అంటుంది నీ సూత్రం. అంటే మూత తీసినవాడే తాగేశాడని. ఆ సిగ్‌బ్రిట్ చేసిన నేరం మూత తీసి చూడడం."

"రేపేం జరుగుతుందో చెప్పడానికి రాశాను నేను. నిన్న ఎవరు చేశారో పట్టుకోడానికి కాదు. డెయిరీవాళ్ళు దాన్ని పోలీసుని చేసి కూచోబెడితే నన్నేం చేయమంటావు?"

"ఒక మాట రాయమంటాను. ఇద్దరం సంతకం పెడదాం, ఇవాళే పంపిద్దాం."

ఇంగ్వే అట్టపెట్టె మీద కూలబడ్డాడు. పెట్టె కిర్రుమంది. "శుక్రవారం నా వీడ్కోలుకి హోకాన్ కూడా వస్తున్నాడు. మా పాలని ఈయన కాపాడాడని నలుగురి ముందూ చెప్తాడట, ఉపన్యాసం రాసుకున్నాడట పాపం. స్కాట్లండ్ నుంచి వస్తున్నారు, నార్వే నుంచి వస్తున్నారు. వాళ్ళందరి ముందు నా సూత్రం ఒక కార్మికురాలి మెడకి చుట్టుకుందని..." ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆ పూట గడవనీ తోరున్. సోమవారం నువ్వేం రాస్తే దాని కింద నా సంతకం. వాళ్ళ గడువు మంగళవారమేగా? నాలుగు రోజులు ఆగితే కొంపలేం మునిగిపోవు."

మూత మీద ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు ఈ మధ్యే మొదలైంది. ఆయన దాన్ని దాచుకోవడానికే ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకుని ఉంటాడని తోరున్‌కి తెలుసు. ఆయనంటే ఆమెకి ప్రాణం. సొంత తండ్రితో ఎన్నడూ ఇంత పోట్లాడలేదు, ఇంత నవ్వలేదు కూడా. శుక్రవారం ఆయన ముఖం చిన్నబోవడం చూడలేననుకుంది. మంగళవారానికి చాలా టైముందని కూడా అనుకుంది.

"సోమవారం పొద్దున్నే నేనే స్వయంగా తీసుకెళ్తాను," అంది. ఆయన ఫ్లాస్కు మూతలోకి కాఫీ వంచి ఆమె ముందుకి జరిపాడు.

ఆగింది గానీ ఊరికే కూచోలేదు. మర్నాడు తలుపు వేసుకుని డెయిరీ ప్రోగ్రామంతా తెర మీదికి తెచ్చుకుని పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చింది. నింపు, కడుగు, తెరువు, మూయి, ఆగు. ఒక్కో పని పక్కన ఆ పని వల్ల ఏది మారుతుందో రాసి ఉంది. తెరిస్తే వాల్వు తెరుచుకుంటుంది. నింపితే ట్యాంకు నిండుతుంది. ఆగు పక్కన ఏమీ లేదు, ఖాళీ. అది అలాగే ఉండాలి గనక తోరున్ దాని మీంచి చూపు జరిపేసింది.

ఇంగ్వే సూత్రం ఉన్న చోట ఆగి దాన్ని పక్కన పెట్టి చూసింది. యంత్రం ఈసారి ఒకే జవాబుతో సరిపెట్టలేదు. సాయంత్రం రూనె మూశాననుకుని మూయకపోయి ఉండొచ్చు. రాత్రి పాలు నింపినప్పుడు లారీవాడు గొట్టం తగిలించబోయి తెరిచి ఉండొచ్చు. తెల్లవారాక సిగ్‌బ్రిట్ తెరిచి ఉండొచ్చు. మూడూ ఒకదాని కింద ఒకటి వరసగా వచ్చి కూచున్నాయి, ఏదీ ఇంకోదానికంటే ఎక్కువ కాదు. తెలియదు అనే మాట యంత్రం చేత చెప్పించడానికి ఆమెకి రోజంతా పట్టింది.

ఆ తర్వాత ఉత్తరం రాసింది. రెండుసార్లు చింపి మూడోసారి తేలిక మాటల్లో, హోకాన్‌కి అర్థమయ్యేలా రాసింది. ఈ ప్రోగ్రాము ఇచ్చిన సమయం చూసినది కాదు, ఊహించినది, దాన్ని బట్టి ఎవరినీ తప్పుపట్టడం న్యాయం కాదు అని. కింద సంతకం పెట్టి, ఇంగ్వే సంతకానికి చోటు వదిలి, సొరుగులో పెట్టింది. మంచి పని చేసినట్టే ఇంటికి వెళ్ళింది.

శుక్రవారం కేకు ఇంగ్వేనే తెచ్చాడు. వెళ్ళేవాడే కేకు తేవాలి, అది తప్పితే చుట్టుపక్కల వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. పచ్చటి బాదం పొర కప్పిన పెద్ద కేకు, పైన గులాబీరంగు పువ్వు. కాఫీ గది నిండిపోయి జనం వరండాలో కూడా నిలబడ్డారు. స్కాట్లండ్ ఆయన ఏదో చెప్తే అందరూ పగలబడి నవ్వారు. హోకాన్ కోటు గుండీలు పెట్టుకుని, కాగితం చూసి చదివాడు. మనిషి కంటికి కనపడనిది ఈయన తర్కానికి కనపడుతుంది అన్నాడు. ఇంగ్వే చెవులు ఎర్రబడ్డాయి, రెండు చేతులతో కాఫీ కప్పు గట్టిగా పట్టుకున్నాడు.

ఉపన్యాసాలయ్యాక హోకాన్ పళ్ళెం పట్టుకుని తోరున్ పక్కకి వచ్చాడు. ఇంగ్వే వాళ్ళకి అడుగు దూరంలోనే ఉన్నాడు.

"మా ట్యాంకు గొడవ నీకు తెలుసుగా? సిగ్‌బ్రిట్ మీ దగ్గరికి వచ్చిందట. మీ ప్రోగ్రాము చెప్పినదాని మీద నీకేమైనా అభ్యంతరముందా?"

తోరున్ ఇంగ్వే వంక చూసింది. ఆయన తన కప్పులోకి చూసుకుంటున్నాడు.

"సోమవారం వస్తాను. తీరిగ్గా మాట్లాడదాం."

"తప్పకుండా రా, కాఫీ తాగిపోదువుగాని," అని హోకాన్ కేకు నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడే గోడ అవతల ఆమె గదిలో ఫోను మోగింది. తోరున్ కదలబోయింది. అదే సమయానికి ఇంగ్వే గొంతు సవరించుకుని అందరికీ కృతజ్ఞతలు చెప్పడం మొదలెట్టాడు. గది మధ్యలోంచి ఆయన ముందు నుంచి నడిచి వెళ్ళడం బాగుండదని ఆమె ఆగిపోయింది. ఫోను చాలాసేపు మోగింది. మోగడం ఆగాక, ఆయన మాటల మధ్యలోనే, మళ్ళీ మోగింది.

చివరికి పళ్ళెంలో ఒక్క ముక్క మిగిలింది. చివరిది తినడం మర్యాద కాదని ఎవరూ తీసుకోరు. ఒకావిడ చాకుతో సగం చేసి సగం తీసుకుంది, తర్వాత వచ్చినవాడు ఆ సగంలో సగం కోసుకున్నాడు. మిగిలిన బద్ద చుట్టూ అందరూ కప్పులు పట్టుకుని తిరుగుతున్నారు.

"తీసుకోకండి బాబూ!" అన్నాడు ఇంగ్వే చేతులెత్తి. "చివరి ముక్క ముట్టుకున్నవాడే కేకంతా తిన్నాడంటుంది నా సూత్రం!"

గది గొల్లుమంది. హోకాన్ కూడా నవ్వాడు. తోరున్ మాత్రం తన పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

సోమవారం ఇంగ్వే మాట తప్పలేదు. తోరున్ ఆయన ఇంటికి వెళ్తే తలుపు దగ్గరే, చదవకుండా, గోడకి ఆనించి సంతకం పెట్టాడు. సంతకం వంకరపోయింది. తోరున్ బస్సు దిగి డెయిరీ గేటు దాటేసరికి పాల లారీలు ఒకదాని వెనక ఒకటి లోపలికి వస్తున్నాయి. హోకాన్ ఆమెని కూచోబెట్టి ఉత్తరం మొత్తం చదివాడు. చదివాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది శుక్రవారం వచ్చుంటే బాగుండేది."

"గడువు రేపు కదా?"

"రేపే. కానీ శుక్రవారం పొద్దున్న సిగ్‌బ్రిట్‌కి ఒక దారి చెప్పాను. మంచికే చెప్పాను. మంగళవారం దాకా లాగితే నేనే తీసేయాల్సి వస్తుంది, కారణం రాయాల్సి వస్తుంది. తనంతట తను మానేస్తే ఆ మాటే ఉండదు, మంచి పనిమంతురాలు అని రాసిస్తాను, సాయంత్రంలోపు చెప్పమన్నాను. ఆమె మీకు ఫోను చేసినట్టుంది. సాయంత్రం వచ్చి సంతకం పెట్టేసింది."

తోరున్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకుంది. "అయినా ఆమె తప్పని ఎలా అనుకున్నావు? నేనింకా..."

"నిన్ను అడిగానుగా, కేకు దగ్గర? అభ్యంతరముందని నువ్వనలేదు. ఇంగ్వే కూడా పక్కనే ఉన్నాడు, ఆయనా అనలేదు. ఏమీ అనలేదంటే ఉన్నది ఉన్నట్టే అనుకున్నాను." హోకాన్ గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. "మీ యంత్రం కూడా అంతేగా?"

ఆగు పక్కన ఖాళీ ఆమె కళ్ళ ముందు కదిలింది. ఏమీ మారదని తాము ధీమాగా రాసుకున్న ఒకే ఒక్క పని. "ఆ సంతకం చింపేయొచ్చుగా? మీ ఇద్దరి మధ్యదేగా?"

"చింపితే రూనెనీ లారీవాణ్ణీ పిలిచి అడగాలి. కిందంతా గొడవైపోతుంది. అయినా ఆమెని అడిగాను, పొద్దున్న రాగానే, ఉంటావా అని. ఉండనంది." ఉత్తరం నీటుగా మడిచి తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "కిందే ఉంది. ఇవాళ కేకు తెచ్చింది."

భోజనాల గదిలో తెల్లటోపీలు పెట్టుకున్న వాళ్ళు పొడుగు బల్ల చుట్టూ కూచున్నారు. సిగ్‌బ్రిట్ నిలబడి కేకు కోస్తోంది. టోపీ లేదు, మామూలు బట్టల్లో ఉంది, జుట్టు దువ్వుకుని వచ్చింది. బల్ల చివర బక్కపలచటి ముసలాయన ముందు ముక్క ముట్టుకోకుండా ఉంది.

"అరె, యూనివర్సిటీ వచ్చింది!" అంది సిగ్‌బ్రిట్. "జరగండర్రా, చోటివ్వండి. రూనె, ఆ కాఫీ ఇటు అందుకో."

ముసలాయన కాఫీ కూజా అందించాడు, తల మాత్రం ఎత్తలేదు.

"ఉత్తరం తెచ్చాను," అంది తోరున్. తన గొంతు తనకే వింతగా వినపడింది. "నువ్వు చేశావని చెప్పడానికి వీల్లేదని రాశాం. ఇద్దరం సంతకం పెట్టాం."

సిగ్‌బ్రిట్ చెయ్యి ఏప్రనుకి తుడుచుకోబోయి, ఏప్రను లేదని గుర్తొచ్చి, లంగాకి తుడుచుకుంది. ఉత్తరం తీసుకుని నిలబడే చదివింది. పెదాలు కదుపుతూ మెల్లగా చదివింది.

"బాగా రాశావు. నాకూ అర్థమైంది." మడిచి బల్ల మీద పెట్టింది. "శుక్రవారం ఫోను చేశా. రెండుసార్లు చేశా. గదిలో లేవనుకుంటా."

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. బల్ల చుట్టూ ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

"గోడ పక్కనే ఉన్నాను," అంది తోరున్. "మోగడం వినపడింది. తీయలేదు. ఉత్తరం కూడా అప్పటికి సొరుగులో ఉంది."

చెంచాల చప్పుడు ఆగింది. సిగ్‌బ్రిట్ ఆమె వంక చూసింది, మొదటి రోజు చూసినట్టే కాసేపు చూసింది. కోప్పడుతుందనుకుంది తోరున్, కోప్పడితే బాగుండుననుకుంది.

"ఓహో," అంది సిగ్‌బ్రిట్.

"రోజూ మూస్తాను నేను," అన్నాడు రూనె ఉన్నట్టుండి, కప్పుతో చెప్తున్నట్టు. "ఆ రోజు కూడా మూశాననే... పోయిన వారమే ఈ మాట పైకెళ్ళి చెప్దామనుకున్నా. నువ్వు బయటపడతావులే అని చూస్తూ ఉన్నా."

"ఇప్పుడెందుకులే రూనె. కేకు తిను, నీకోసం క్రీము ఎక్కువున్న ముక్క ఇచ్చా."

"ఉండొచ్చుగా నువ్వు," అన్నాడు ఎవరో కుర్రవాడు. "హోకాన్ ఉండమన్నాడటగా."

"ఎలా ఉంటానురా? వారం రోజులు ఈ గదిలోనే కూచున్నా. నేను రాగానే మాటలు ఆపేశారు మీరు. రేపట్నుంచి మళ్ళీ మొదలెడతారా? ఎక్కడ ఆపారో గుర్తుందా?" నవ్వుతూనే అంది. ఎవరూ నవ్వలేదు.

కేకు అయిపోవచ్చింది. పళ్ళెంలో చివరి ముక్క ఒకటి మిగిలింది. అందరూ దాన్ని చూసి, చూడనట్టు కాఫీ తాగారు. ఒకడు చాకు అందుకోబోయి, సగం కోయడానికి కాబోలు, సిగ్‌బ్రిట్ చూపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె పళ్ళేన్ని బల్ల మీద మెల్లగా తోసి తోరున్ ముందు ఆపింది.

"తీసుకో. ఎవరో ఒకళ్ళు తీసుకోవాలిగా."

తోరున్‌కి ఏమీ సహించేలా లేదు. అయినా ముక్క మొత్తం తన ముందుకి తీసుకుంది. సగం చేయలేదు. అందరూ చూస్తుండగా, రాలిన పొడి కూడా చెంచాతో ఎత్తుకుని తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

సిగ్‌బ్రిట్ ఖాళీ పళ్ళెం తీసుకుని మూలనున్న తొట్టి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు వదిలి, పళ్ళెం కడిగి, ఆరబెట్టి, కుళాయి కట్టేసింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి వెళ్ళి, కట్టిందో లేదోనని కుళాయిని చేత్తో ఇంకోసారి బిగించి చూసుకుంది.